ఎనుముల కొట్టం రేకులు దింపిన డైరీ

జనవరి 4, ఆదివారం

వేంపల్లె దగ్గర మా ఊళ్లో ఇంటి వెనక ఎనుముల కొట్టం ఒకటుంది. ఎనుములు అమ్మేసి ఆరేళ్లయింది. ఇప్పుడు చెల్లెలు అందులో నాలుగు కుట్టుమిషన్లు వేసుకుంటానంటోంది. గోడల పూత, కింద బండలు, కరెంటు వైరింగు అన్నీ నా నెత్తినే పడ్డాయి. నా ఉద్యోగం కడపలో, కాబట్టి ఆదివారాలే పని.

పైకప్పు జోలికి పోకూడదనే అనుకున్నా. నాయన 1994లో వేయించిన సిమెంటు రేకులవి. ఎండాకాలం ఇనుప రేకులకన్నా ఇవే నయం, తుప్పు పట్టవు, వాన పడితే చప్పుడూ తక్కువ. కానీ ఈరోజు నిచ్చెనేసి చూసినాక మనసు మారింది. రేకులన్నీ నల్లగా పాచి పట్టి ఉన్నాయి. పాచి ఎండి రాలిన చోట సిమెంటు కూడా దాంతోపాటు ఊడిపోయింది. మూడు రేకులు నిలువునా పగిలాయి. పగులు అంచుకు ఫోను దగ్గరగా పెట్టి ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే తెల్లటి నూగు కనిపించింది. సజ్జకంకి మీద ఉండే నూగులాంటిదే, ఇంకా సన్నం. అదే రాతినార, ఆస్బెస్టాస్.

సిమెంటు రేకు అని పిలిచి పిలిచి అందులో సిమెంటు తప్ప ఇంకేమీ లేదనుకుంటాం. నూటికి ఎనిమిది నుంచి పది పాళ్లు రాతినార ఉంటుంది. మిగతాది సిమెంటు, ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే బూడిద) లాంటివి. ఆ కాస్త నారే రేకుని విరక్కుండా పట్టి ఉంచుతుంది. రేకు గట్టిగా ఉన్నంతకాలం నార సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. ఆ కప్పు కింద పడుకున్నందుకే జబ్బు వచ్చేస్తుందని భయపెట్టేవాళ్ల మాట నేను నమ్మను. కోసినప్పుడు, తొలిచినప్పుడు, విరిచినప్పుడు, గీకినప్పుడు లేచే దుమ్ముతోనే తంటా. మాకేమో ఫ్యాన్లకు, వైర్లకు తొలవాల్సిన పని ఉంది, రేకులు ముందే పగిలి ఉన్నాయి, కింద నలుగురు ఆడవాళ్లు పొద్దస్తమానం కూర్చుంటారు. అందుకే దింపేయడానికే నిర్ణయించాను.

ఇంకో సంగతి కూడా రాసేస్తాను, లేకపోతే ఈ డైరీకి అర్థం లేదు. 2009లో వంటింటి పొగగొట్టం కోసం వరండా రేకుకి గ్రైండరుతో బొక్క కొట్టింది నేనే. మూతికి తువ్వాలు చుట్టుకున్నా. అరనిమిషంలో తెల్లటి మబ్బు లేచింది. కిందికి దిగేసరికి కనుబొమలు, చెవులు, మెడ అంతా పిండిమరలో పనోడిలా తయారయ్యాయి. అందరం నవ్వుకున్నాం. అమ్మ ఆ తువ్వాలుని వాకిట్లో రెండుసార్లు ఫట్ ఫట్‌మని దులిపి ఉతకడానికి వేసింది. ఆ చప్పుడు ఇప్పుడు గుర్తొస్తే ఏదోలా ఉంటుంది. రాతినార ఫ్యాక్టరీల్లో పని చేసినవాళ్ల బట్టలు ఇంట్లో ఉతికిన భార్యలకు కూడా జబ్బు వచ్చిన దేశాలున్నాయని అప్పటికి నాకు తెలియదు.

జనవరి 11

పని మొదలు కాలేదు. కారణం మేస్త్రి గడ్డం.

రేకుల పనిలో ఇరవై ఏళ్ల అనుభవమున్న మనిషి. నేను ముందే చెప్పా, "అన్నా, మాస్కు లేకుండా పని వద్దు" అని. సరేనన్నాడు. నేను తెచ్చింది సగం ముఖానికి పట్టే రబ్బరు మాస్కు, రెండు పక్కలా గులాబీ రంగు పీ100 ఫిల్టర్లు, సన్నటి దుమ్ముని కూడా దాదాపు పూర్తిగా ఆపే రకం. అది చర్మానికి అతుక్కుని కూర్చుంటేనే పని చేస్తుంది. గడ్డముంటే వెంట్రుకల సందుల్లోంచి గాలి లోపలికొస్తుంది, ఫిల్టరు ఎంత మంచిదైనా దండగే. మేస్త్రి అయ్యప్ప మాలలో ఉన్నాడు. మాల తీసేదాకా గడ్డం తీయడు. మకరజ్యోతి 14న. దాంతో పని 18కి వాయిదా.

గుడ్డ, సర్జికల్ మాస్కు రాతినారకు అసలు పనికిరావు. మామూలు ఎన్95 కూడా ఈ పనికి చాలదని అమెరికా వాళ్ల నిబంధనల్లో ఉంది. అందుకే డబ్బు పోయినా పీ100 తెచ్చా. నాకొకటి, మేస్త్రికొకటి, అతని సహాయకుడికొకటి.

మిగతా సామాను: తోటలో మందు కొట్టే 16 లీటర్ల స్ప్రేయరు (మూడుసార్లు సబ్బునీళ్లతో కడిగా, అయినా మందు వాసన పోలేదు), గిన్నెలు తోమే లిక్విడు, బోల్ట్ కట్టరు, 800 గేజీ పాలిథిన్ షీటు. షాపాయన గేజీలో చెబుతాడు, నేను చదివిన విదేశీ సూచనలు మైక్రాన్లలో (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉన్నాయి. నాలుగు గేజీలు ఒక మైక్రాను, అంటే ఇది 200 మైక్రాన్లు. వెడల్పాటి ప్లాస్టరు, పాత గుడ్డలు ఒక మూట, కోవిడప్పుడు కొని మిగిలిపోయిన పీపీఈ కిట్లు ఆరు. అవి ఇన్నాళ్లకు ఇలా పనికొస్తాయని ఎవరనుకున్నారు.

లెక్క: కొట్టం పొడవు 23 అడుగులు, రెండు వాలులు. వాలుకి ఏడు చొప్పున పదడుగుల రేకులు 14. రెండు వాలులు కలిసే చోట పైన కప్పే రిడ్జి ముక్కలు. ఒక్కో రేకు 40 కిలోల చుట్టుపక్కల, మొత్తం అరటన్ను పైచిలుకు. వాలుకి మూడు వరసల ఇనుప పైపులు, వరసకి ఎనిమిది హుక్కులు, వెరసి 48. ముప్పై ఏళ్ల తుప్పు.

జనవరి 18

పొద్దున ఆరుకి మొదలుపెట్టాం. చలి, గాలి లేదు, రేకుల మీద మంచు తడి కూడా ఉంది. ఈ పనికి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు. అమ్మని, చెల్లెల్ని పిన్నమ్మ వాళ్లింటికి పంపించా. బావి మీద, వంటింటి కిటికీల మీద పాలిథిన్ కప్పాం. పక్కింటి చిన్నాయనకు తలుపులు వేసుకోమని చెబితే, "ఏం బాంబు పేలుస్తున్నావా అబ్బీ" అన్నాడు.

మేస్త్రికి నున్నటి గడ్డం. మాస్కు పెట్టి, ఫిల్టర్లను అరచేతులతో మూసి గట్టిగా గాలి పీల్చమన్నా. మాస్కు ముఖానికి అంటుకుపోతే సరిగ్గా కూర్చున్నట్టు. సహాయకుడికి ముక్కు దగ్గర గాలి దూరింది, పట్టీలు రెండుసార్లు సర్దాల్సి వచ్చింది.

నీళ్లలో రెండు మూతల లిక్విడు కలిపా. ఉత్త నీళ్లు పాచి మీద నుంచి జారిపోతాయి. సబ్బు కలిస్తే పగుళ్లలోకి, నార సందుల్లోకి ఇంకుతాయి. పిచికారి మంచులా పడాలి. జోరుగా కొడితే ఆ దెబ్బకే నార ఊడుతుంది. బండ్లు కడిగే ప్రెషర్ పంపుతో పాచి వదిలిద్దామని మొదట్లో నాకే ఒక పిచ్చి ఆలోచన వచ్చింది, నాలుగు చోట్ల చదివాక మానుకున్నా.

హుక్కుల దగ్గరే మేస్త్రికీ నాకూ మొదటి పేచీ. అతని అలవాటు సుత్తితో నట్టు చుట్టూ రేకుని కొట్టి విరగ్గొట్టడం, లేకపోతే గ్రైండరుతో బోల్టు కోయడం. గ్రైండరు చక్రం ఒక్కసారి రేకుని తాకితే చాలు. నేను లోపలి నుంచి సారవ మీద నిలబడి, పైపుని పట్టుకున్న కొక్కెం దగ్గరే బోల్ట్ కట్టరుతో కత్తిరించమన్నా. అలా అయితే రేకుకి దెబ్బ తగలదు, మిగిలిన కడ్డీ నట్టుతో సహా పైకి వచ్చేస్తుంది. మొదటి హుక్కుకి పది నిమిషాలు పట్టింది. మేస్త్రి ఏమీ అనలేదు, ఫోనులో టైము చూసుకున్నాడంతే. ఐదో హుక్కు దగ్గరికొచ్చేసరికి నిమిషంలో అయిపోతోంది. ఇనుము లోపల పుచ్చిపోయి ఉంది.

రేకు మీద కాలు పెట్టనివ్వలేదు. పాత రేకు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, పాదం పడితే నిలువునా కిందికి. పని చేస్తూ రేకు విరిగి పడి నడుములు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వెంటనే ప్రాణం తీసేది దుమ్ము కాదు, ఇదే. పైపుల మీద చెక్కలు పరిచి వాటి మీద నుంచే పని.

రిడ్జి అంతా, తర్వాత మూడు రేకులు చక్కగా దిగాయి. ఇద్దరు పట్టుకుని, తాళ్ల మీద జార్చుకుంటూ, కింద పరిచిన పాలిథిన్ మీద పడుకోబెట్టాం. తొమ్మిదిన్నరకల్లా ఎండ. పీపీఈ కిట్టులో చెమట కాలవలు కడుతోంది. ఆపేశాం.

జనవరి 25

నాలుగో రేకు పగిలింది.

పగులుకి ఎప్పుడో తారు పూసి ఉంది. పైనుంచి గట్టిగానే కనబడింది. తాడు మీద సగం దూరం జారాక తారు అతుకు దగ్గర విడిపోయి, కింది సగం నేల మీద పడింది. ధబ్బుమని చప్పుడు. తడిపే ఉంచాం, అయినా పైపొర ఒక్కటే తడిసింది, లోపల మధ్యభాగం ముప్పై ఏళ్లుగా ఎండే ఉంది. బూడిదరంగు పొగ మోకాలెత్తు లేచింది.

నేను అనుకున్నదాని ప్రకారం అందరం గాలికి ఎదురుగా బయటికొచ్చేశాం. మాస్కులు తీయకుండా పావుగంట. సరిగ్గా అప్పుడే పిన్నమ్మ వాళ్లింటి నుంచి అమ్మ వచ్చింది, చప్పుడు విని. వాకిట్లో ముక్కలు చూసి, మామూలుగా ఏ అమ్మయినా చేసే పనే, చీపురు పరక తీసుకుని వంగింది. మాస్కులోంచి నేను అరిచిన అరుపు ఆమెకు అర్థం కాలేదు. పరక పట్టుకుని లాగేశా. చాలా కోపమొచ్చింది ఆమెకు. "ఊడిస్తే కదరా పోయేది" అంది. ఊడిస్తే పోదు, లేస్తుంది. ఎలా చెప్పాలో అప్పుడు తెలియలేదు, సాయంత్రం చెప్పా.

దుమ్మంటే మనకు కంటికి కనబడేదే. ఎండపొడలో మెరుస్తూ తిరిగే నలుసుల్లో చాలావరకు మట్టి, పొట్టు, బట్టల పీచు. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే, తెల్ల రాతినారని (రేకుల్లో వాడే రకం ఇదే) విడగొట్టుకుంటూ పోతే చివరికి మిగిలే ఒంటి పోగు మందం మైక్రానులో ముప్పయ్యో వంతు, ఇంకా తక్కువ కూడా. దుమ్ములో అవి కట్టలుగానూ ఉంటాయి, విడిగానూ ఉంటాయి. పెద్ద నలుసులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి, దగ్గితే పోతాయి. సన్నటి పోగు గాలితో పాటే ఊపిరితిత్తుల చివరిదాకా పోతుంది. గాలి కదలకపోయినా గంటల తరబడి నేలకు దిగదు. మోకాలెత్తు పొగ రెండు నిమిషాల్లో సర్దుకుంది, అమ్మకి కనబడింది అదే. నేను భయపడింది మిగిలినదానికి.

ఆ పావుగంట తర్వాత మళ్లీ పిచికారి. పెద్ద ముక్కలు చేత్తో ఏరి పాలిథిన్‌లో చుట్టాం. పొడిని తడిగుడ్డతో అద్ది అద్ది తీశాం, ఒక్కో గుడ్డ ఒక్కసారే, మడిచి సంచిలోకి. నేలని మూడుసార్లు అలా తుడిచాం. ఇంట్లో వాక్యూమ్ క్లీనరు ఉంది, దాని జోలికి పోలేదు. మామూలు వాక్యూము సంచి నారని ఆపలేదు, వెనకవైపు నుంచి ఇల్లంతా చల్లుతుంది. హెపా ఫిల్టరు (అతిసన్నటి నలుసుల్ని కూడా ఆపేది) ఉన్నది ఈ పనికే కేటాయించగలిగితే తప్ప అది తీయకూడదు.

రాత్రి లైట్లన్నీ ఆర్పి, పక్కవాటంగా టార్చి వేసి చూశా. టార్చి వెలుగులో నాలుగైదు నలుసులు. శుభ్రంగా ఉందని చెల్లెలికి చెప్పబోయి ఆగా. టార్చికి కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆఫీసులో స్నేహితుడు గాల్లో సన్న దుమ్ముని కొలిచే చవకరకం పీఎం 2.5 మీటరు ఇస్తానన్నాడు. అదీ అంతే, వంటపొగనీ నారనీ ఒకే లెక్కలో వేస్తుంది. అసలు పద్ధతి వేరే. పంపుతో కొలత ప్రకారం గాలిని ఫిల్టరు బిళ్ల గుండా లాగి, ఆ బిళ్లని పారదర్శకంగా చేసి, ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు కింద పోగులు లెక్కపెడతారు. 5 మైక్రాన్లకన్నా పొడవుండాలి, పొడవు వెడల్పుకి కనీసం మూడురెట్లుండాలి, అప్పుడే అది లెక్కలోకి వస్తుంది. అమెరికాలో పనిచోట ఎనిమిది గంటల సగటు మీద ఘన సెంటీమీటరు గాలికి 0.1 పోగు దాటకూడదు, అంటే లీటరుకి నూరు. లెక్కకు రాని సన్నటివి ఇంకా ఉంటాయి. మా ఊళ్లో ఆ పంపు ఎవరి దగ్గరుంది? అందుకని మూడోసారి తుడిచిందే నా లెక్క.

అమ్మతో మాత్రం మాట్లాడి, "నేనే భయపడ్డా, తప్పుగా అనుకోవద్దు" అని చెప్పుకున్నా.

జనవరి 26

సెలవు కాబట్టి ఈరోజు కూడా పని. ఐదు రేకులు. నిన్నటి దెబ్బతో బుద్ధొచ్చి, ముందే పగులున్న మిగతా రెండు రేకులకూ పీవీఏ జిగురు (చెక్కపనికి వాడే తెల్ల జిగురు) నీళ్లలో కలిపి రెండు పూతలు వేశా. జిగురు ఆరితే నార అక్కడికక్కడే అతుక్కుంటుంది. పని చేసింది. కింద అడ్డంగా రెండు వెదురు బొంగులు కట్టి దింపాం.

మధ్యాహ్నం పక్కింటి తాత వచ్చి కూర్చున్నాడు. చిన్నప్పుడు పులివెందుల అవతల రాతినార గనుల్లో కూలికి పోయాడట. నాకు తెలియని సంగతి కాదు. మా జిల్లాలో బ్రాహ్మణపల్లె వైపు ఈ గనులుండేవి. వేంపల్లె పేరుతోనే పిలిచే డోలమైటు రాతిలోకి భూగర్భం నుంచి వేడి శిలాద్రవం చొచ్చుకొచ్చిన చోట ఏర్పడిన తెల్లరకం నార అది. తాత వేలితో చూపిస్తూ చెప్పాడు: పచ్చటి రాయి మధ్యలో బొటనవేలి మందం చార, ఆ చారలో పట్టుదారాలు పక్కపక్కనే నిలబెట్టినట్టు. గోటితో గీకితే దూదిలా పొంగేది. పిల్లలు దాన్ని తీసి బుగ్గలకు రాసుకుని ఆడుకునేవాళ్లట. "మంటలో ఏసినా కాలదబ్బా" అన్నాడు, ఇప్పటికీ ఆశ్చర్యంగానే.

దేశంలో 1986లో కొత్త రాతినార గనుల లీజులు ఆపేశారు. కానీ రేకులు ఆగలేదు. రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ లాంటి దేశాల నుంచి నార ఓడల్లో వస్తూనే ఉంది. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి, అమెరికా 2024 నుంచి తెల్ల నారని కూడా నిషేధించాయి. మన దగ్గర గని తవ్వడం తప్పయింది, రేకు కోయడం మాత్రం రోజువారీ పనిగా ఉండిపోయింది. నాకిది ఎప్పటికీ అర్థం కాదు.

తాతకి ఎనభై దాటాయి, దగ్గు కూడా లేదు. మేస్త్రి నా వైపు చూసి నవ్వాడు. "చూడన్నా, ఇరవై ఏళ్లుగా నేనూ కోస్తున్నా, నాకేమయింది?" అన్నాడు. తేలికగా జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదు. ఈ జబ్బులు పని చేసిన ఏడాదికో రెండేళ్లకో రావు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల కేన్సరు, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమా, అన్నీ ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు బయటపడే రకం. అందరికీ రావు కూడా. బీడీ తాగేవాడికి ఊపిరితిత్తుల కేన్సరు ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. మేస్త్రి జేబులో కట్ట ఉంది.

1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి చెప్పా. రాతినార పరిశ్రమల్లో ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డుని పనిలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు దాచాలని అందులో ఉంది. మేస్త్రి శ్రద్ధగా విన్నాడు. "నలభై ఏళ్ల పుస్తకమా" అన్నాడు. కాసేపాగి, "మా పేర్లు ఏ పుస్తకంలో ఉంటాయిలే" అని లేచి మాస్కు తగిలించుకున్నాడు.

ఫిబ్రవరి 1

చివరి ఐదు రేకులు పదిగంటలకు అయిపోయాయి. కొట్టం మీద ఆకాశం.

పని ముగిశాక విప్పే వరస కూడా ముఖ్యమే. ముందు కిట్టు మీద పిచికారి, తర్వాత కిట్టుని లోపలిది బయటికి తిప్పుతూ చుట్ట చుట్టి సంచిలోకి, అందరికన్నా చివర మాస్కు. వాకిట్లోనే తలస్నానం. లోపల వేసుకున్న పాత బట్టలు కూడా సంచిలోకే పోయాయి. మేస్త్రి తన లుంగీని పారేయడానికి ఒప్పుకోలేదు, కొత్తది కొనిచ్చా.

రేకులన్నీ మూడు కట్టలు. రెండు వరసల పాలిథిన్, అంచులకు ప్లాస్టరు. ముక్కలు, గుడ్డలు, కిట్లు కలిపి తొమ్మిది సంచులు. అన్నిటి మీదా ఎర్ర పెయింటుతో "రాతినార – విప్పొద్దు" అని రాశా.

ఇక్కడి నుంచే అసలు టెన్షన్. వీటిని ఎక్కడ వేయాలి? భారతీయ ప్రమాణం ఐఎస్ 11768 ఈ చెత్త గురించే ఉంది. సంచుల్లో కట్టి, పూడ్చి, పైన మట్టి కప్పాలన్నది దాని సారం. ఎక్కడ పూడ్చాలో చెప్పేవాళ్లు కావాలి కదా. అడిగిన ఆఫీసులో, "ఊరవతల గుంత ఉంది, పారబోసి రండి" అన్నారు. ఆ గుంత దగ్గర పిల్లలు క్రికెట్ ఆడతారు. పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే కేంద్రం హైదరాబాదు దుండిగల్‌లో ఉంది, విశాఖ పక్కన పరవాడలో ఉంది. అరటన్ను కొట్టం రేకులకు అంతదూరం లారీ ఎవరు కడతారు? ప్రస్తుతానికి ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, పైన టార్పాలిన్ కట్టి పెరటి మూలన ఉంచా.

వీటికి గిరాకీ కూడా ఉంది, అదే చిక్కు. చిన్నాయన కోళ్లగూటికి రెండు అడిగాడు. ఊళ్లో పాత రేకు ఏదీ పారేయరు. విరిగింది కాలవ మీద మూత, ఇంకా విరిగింది పొయ్యి చుట్టూ అడ్డం, చివరికి ముక్కలై గుంతలు పూడ్చడానికి పోతుంది. ఇవ్వనన్నా. "ఉత్తగా పాలిథిన్లో చుట్టి పెట్టుకుంటావు గానీ ఇవ్వవన్నమాట" అన్నాడు. రెండు రోజులుగా మాటల్లేవు.

ఫిబ్రవరి 8

రంగు పూత ఇనుప రేకులు గురువారం వచ్చాయి. లోపల వేడికి థర్మోకోల్ సీలింగు వేద్దామని చెల్లెలు, వద్దని నేను. ఇంకా తేలలేదు. రాతినార లేకుండా వేరే పీచుతో చేసిన సిమెంటు రేకులు కూడా దొరుకుతాయి, మా దగ్గర స్టాకు లేదు.

మిగిలిన పని: పాత నీటి తొట్టి కింది బురద. ముప్పై ఏళ్లుగా రేకుల మీద నుంచి అరిగి కారిన సిమెంటు, నార అంతా వానతో కొట్టుకొచ్చి చూరు కింద గట్టిపడింది. ఎండిపోకముందే తడిపి, పారతో రెండంగుళాలు తీసి సంచుల్లో కట్టాలి. వచ్చే ఆదివారం శివరాత్రి, ఆ పై ఆదివారమే.

మేస్త్రి లెక్క చూసుకుని వెళ్తూ మాస్కు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "ఈ గులాబీ బిళ్లలు ఎన్నాళ్లొస్తాయి సామీ?" అన్నాడు. రేపు ఏదో గోడౌనులో పని, అరవై కొత్త సిమెంటు రేకులు, చివర్లన్నీ మూలలు కోయాలట. మాస్కు ఉంచుకోమని, ఇంకో జత ఫిల్టర్లు కూడా ఇచ్చా. గ్రైండరు బదులు తడిపి చేతిరంపంతో కోయొచ్చు కదా అన్నా.

"అరవై రేకులు రంపంతోనా? సాయంత్రం కల్లా ఎక్కిచ్చాల," అని గ్రైండరు సంచి బండికి తగిలించి వెళ్లిపోయాడు. మాస్కు మాత్రం హ్యాండిలుకి వేలాడేసుకున్నాడు.